బస్సు పోయాక కనబడ్డ ఆమె

పోయిన ఏడాది చూసిన సినిమాలన్నిటిలో నాకు బాగా ఇష్టమైన షాట్ ఏ సినిమాలోనూ లేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ షాట్ ఇది. రోడ్డు మీద ఒక బస్సు ఆగి ఉంటుంది. తెర నిండా బస్సే. అది కదులుతుంది, దుమ్ము లేస్తుంది, కాసేపు దుమ్ము తప్ప ఇంకేమీ కనబడదు. దుమ్ము మెల్లగా దిగుతుంటే రోడ్డుకు అవతల ఒక ఆమె నిలబడి ఉంటుంది. అంతసేపూ ఆమె అక్కడే ఉంది, బస్సు అడ్డం ఉండి మనకు కనబడలేదు. చేతుల్లో రెండు టిఫిన్ డబ్బాలు. బస్సు పోయిన దిక్కు చూస్తుంది. ఏడవదు. వెనక పాట రాదు. పక్కనే ఉన్న రాయి మీద కూర్చొని, ఒక డబ్బా మూత తీసి తినడం మొదలుపెడుతుంది. రెండో డబ్బా మూత తియ్యదు.

ఆమె చీర రంగు కూడా చెప్పగలను. ఉతికి ఉతికి వెలిసిన ఆకుపచ్చ. కానీ నేను ఆమెను కళ్లతో చూడలేదు. మా మరదలు ఫోన్లో చెబితే విన్నాను.

మరదలు అంటే మా మేనమామ కూతురు. నాకన్నా కొన్ని నెలలు చిన్నది. వాళ్లది నాగర్‌కర్నూల్, మాది గద్వాల. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు ఇద్దరం పాన్‌గల్ దగ్గర అవ్వ వాళ్ల ఊళ్లో కలిసేవాళ్లం. అవ్వ నాకు అమ్మ తల్లి, దానికి నాయిన తల్లి. మమ్మల్ని చుట్టుపక్కల జాతరలకు తీసుకుపోయేది. తిరిగొచ్చి కాళ్లు కడుక్కొని అన్నాలు తిన్నాక, ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి అడిగేది.

“ఇగ చెప్పుండ్రి. ఎవరి కండ్ల ఏం నిల్చింది?”

ఒక్కొక్కరు ఒక్కటే చెప్పాలి. కొనుక్కున్నవీ తిన్నవీ చెప్పకూడదు. ముందు చెప్పినవాళ్లది రెండోవాళ్లు మళ్లీ చెప్పకూడదు. నేను నోరు తెరవని పిల్లనని అవ్వ ఎప్పుడూ నాతోనే మొదలుపెట్టించేది. ఒకసారి నేను గాజులమ్మే ఆమె గురించి చెప్పాను. ఎవరికో సరిపోయే గాజు గంపలో దొరక్కపోతే తన చేతికున్న గాజు తీసి వాళ్లకు తొడిగింది. అదీ నేను చూసింది. అవ్వ నా తల నిమిరి, మరదలి వైపు తిరిగింది.

“నేను కండ్లద్దాలు వెట్టుకున్న కోతిని జూసిన అవ్వా.”

“ఏడ జూసినవే?”

“గుడి ఎనక. నువ్వు టెంకాయ కొడుతున్నవ్ గద, అప్పుడు.”

“ఎవరియి అద్దాలు? ఎత్కొచ్చిందా?”

“కాదు. దానియే.”

“నీ నోట్ల మన్నువడ!” అని అవ్వ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేను మాత్రం మర్నాడు గుడి వెనక్కి పోయి కోతి కోసం చూసి వచ్చాను.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది.

నేనిప్పుడు గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి తెలుగు చెబుతాను. పిల్లలతో మాట్లాడగలను. స్టాఫ్ రూములో నలుగురు టీచర్లు కూర్చుంటే నా గొంతు లోపలికి పోతుంది. ఇంటికొచ్చాక పుస్తకాలు చదువుకుంటాను. ఏం చదువుతున్నానో ఇంట్లో ఎవరూ అడగరు, నేనూ చెప్పను. ప్రతిరోజూ డైరీలో కొంచెం రాసి పడుకుంటాను. నన్ను సినిమాలకు పంపింది అసలు అమ్మే.

“ఐతారమొస్తే చాలు, మూలకు గూసొని పుస్తకం వట్టుకుంటది. కండ్లు వోతయి. సినిమకన్న వో, నలుగుర్ల గూసున్నట్టుంటది,” అంది ఒకరోజు.

థియేటర్ మా ఇంటి నుంచి నడిచిపోయే దూరమే. ఆదివారం మ్యాట్నీకి ఆడవాళ్లు బాగానే వస్తారు. తెరకు కింద ఎడమ మూలన ఒక పెద్ద కుట్టు ఉంది. ఎంత పెద్ద హీరో అయినా ఆ మూలకు వచ్చి నిలబడితే కాలికి కట్టు కట్టినట్టు కనిపిస్తాడు. మొదట్లో ఆ కుట్టు చూస్తే చిరాకేసేది. తర్వాత అలవాటైంది. లైబ్రరీలో దొరికిన ఒక చినిగిన పుస్తకంలో షాట్ అంటే ఏమిటో చదివాను. కెమెరా కన్ను తెరిచినప్పటి నుంచి మూసేదాకా కనబడేది షాట్ అని నాకు అర్థమైనట్టు రాసుకున్నాను. అప్పటి నుంచి సినిమా చూసే పద్ధతే మారిపోయింది. ఇంటికొచ్చేసరికి కథ సగం మర్చిపోయేదాన్ని. ఎవరి తమ్ముణ్ని ఎవరు చంపారో గుర్తుండేది కాదు. కానీ ఏదో ఒక్క షాట్ మాత్రం గడప దాటి నాతో పాటు ఇంట్లోకి వచ్చేది. దాన్ని ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు.

మరదలికి ఈ విషయం ఎలా తెలిసిందో ఏమో, ఒకరోజు ఫోన్ చేసింది. అది నాగర్‌కర్నూల్‌లో ఒక క్లినిక్‌లో రక్తం తీసే పని చేస్తుంది. మాటకారి. సూది గుచ్చేలోపే పేషెంట్‌ను నవ్విస్తుందట.

“వదినె, నువ్వు ఐతారమైతారం సినిమకు పోతున్నవంట గద. మా అమ్మ నన్ను పోనిస్తలేదు. ఒక్కదానివి ఏం జేస్తవే అంటది. ఒక పని చేద్దమా? ఇద్దరం ఒకటే సినిమ జూద్దం. నువ్వు గాడ, నేను గీడ. అయినంక ఫోన్ల మాట్లాడుకుందం. అవ్వ అడిగినట్ల, కండ్ల ఏం నిల్చిందో. నువ్వు గూడ చూస్తున్నవంటే మా అమ్మ పోనిస్తది.”

అవ్వ మాట దానికింకా గుర్తుందని నేను సంతోషంతో ఫోన్ పట్టుకొని ఇల్లంతా తిరిగాను. చివరి వాక్యం విన్నాను కానీ పట్టించుకోలేదు.

అలా మొదలైంది. ఆదివారం సినిమా వదిలాక ఇంటికొచ్చి మేడెక్కేదాన్ని. ఆరింటికి అది ఫోన్ చేసేది.

“నువ్వు చెప్పు ముందుగాల. పెద్దదానివి.”

నేను చెప్పేదాన్ని. ఒక సినిమాలో కొడుకు పోయాడని తల్లికి ఫోన్ వస్తుంది. అప్పుడు ఆమె ముఖం చూపించరు. స్టవ్ మీద నీలం మంట చిన్నదై, ఇంకా చిన్నదై ఆరిపోతుంది. ఆమె చెయ్యి మాత్రం స్టవ్ నాబ్ మీదే ఉండిపోతుంది. ఇంకో సినిమా నిండా యుద్ధాలు, గుర్రాలు. నాకు గుర్తున్నది ఒక్క సిపాయి. సైన్యమంతా పక్కనుంచి ఉరుకుతుంటే వాడు వంగి తెగిన చెప్పుకు తాడు కట్టుకుంటుంటాడు. ముడి పడదు. మళ్లీ కడతాడు. మరో సినిమాలో ఆటోలో ఒక అమ్మాయి ఏడుస్తుంటుంది. డ్రైవర్ ముందున్న అద్దంలో ఆమె కళ్లు మాత్రం కనబడుతుంటాయి. అతను ఏమీ అనడు. చెయ్యెత్తి అద్దాన్ని పక్కకు తిప్పేస్తాడు. ఇక అద్దంలో ఆటో పైకప్పు తప్ప ఏమీ ఉండదు. ఆ షాట్‌కు హాల్లో ఎవరూ ఈల వెయ్యలేదు. నాకు మాత్రం లేచి నిలబడాలనిపించింది.

ఇవన్నీ చెబుతుంటే నాకు నేనే వేరే మనిషిలా వినిపించేదాన్ని. మాటలు తడుముకోవాల్సిన పని ఉండేది కాదు. అవతల అది ఊఁ కొడుతూ వినేది.

“మల్ల? తర్వాత ఏమాయె? హీరోయిన్ నాయిన ఒప్పుకున్నడా?” అని కథ అడిగేది.

“నువ్వు చూసినవ్ గదే.”

“జూసిన. నువ్వు జెప్తే మంచిగుంటది, చెప్పు.”

అవ్వ నియమం ప్రకారం నేను చెప్పింది అది చెప్పకూడదు కదా. అందుకే వేరేది చెప్పేది. ఆటో సినిమాకు అది చెప్పిన షాట్ ఇది. “ఆమె దిగిపోయినంక సీటు మీద ఒక మల్లెపువ్వు వడుంటది జూడు. వాడు దాన్ని తియ్యడు. మల్ల ఎక్కినాయనకు, జర అటు జరుగయ్యా అని చెప్తడు గంతే.”

నేను ఆ పువ్వును చూడలేదు. ఎలా చూడకుండా పోయానో అర్థం కాలేదు. కళ్లార్పానేమో, పక్కనామె చీర కొంగు అడ్డం వచ్చిందేమో, తెర మీది కుట్టు దగ్గర పడి ఉంటుందేమో. ఇలా చాలాసార్లు జరిగింది. అది చెప్పేవాటిలో సగం నా కంట పడినవి కావు. నేను నెమ్మదైన మనిషిని, నోరు లేదు సరే, కనీసం చూపైనా ఉందనుకునేదాన్ని. ఆ ఏడాదంతా నా చూపు మీద నాకే అనుమానం. తర్వాతి ఆదివారం ఇంకా ముందు వరుసలో కూర్చునేదాన్ని. ఇంటర్వెల్‌లో సమోసా కూడా తినకుండా కళ్లు తుడుచుకొని తయారుగా ఉండేదాన్ని.

దాని ఫోన్ అయిపోయిన కాసేపటికి అత్త ఫోన్ వచ్చేది. దాని తల్లి.

“ఏం బిడ్డా, సినిమ బాగుండెనా?”

“బాగుందత్తా.”

“నరుక్కునుడేనా, జర కతన్న ఉండెనా?”

“కథ కూడా ఉందత్తా.”

“మా పిల్ల గూడ గదే అన్నది. ఇద్దరికి ఒకటే పిచ్చి వట్టుకున్నది,” అని నవ్వి పెట్టేసేది.

అంతకు ముందు అత్త నాతో అంతగా మాట్లాడేది కాదు. ఈ పిల్ల ఉలకదు పలకదు అని పెళ్లిళ్లలో నా ముందే అనేది. ఇప్పుడు ప్రతి ఆదివారం తానే ఫోన్ చేసి అడుగుతుంటే నాకు ఇష్టంగా ఉండేది. అత్తకు కూడా నేను దగ్గరైనట్టే కదా అనుకున్నాను.

అలాంటి ఒక ఆదివారం ఆ బస్సు సినిమా వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు విడిపోయే కథ. చివర్లో పెద్దవాడు ఊరొదిలి బస్సెక్కుతాడు. సరిగ్గా అప్పుడు వెనక సీట్లో పిల్లవాడు కూల్‌డ్రింకు ఒలకబోశాడు. నేను కాళ్లెత్తుకొని చున్నీ సర్దుకొని తలెత్తేసరికి పేర్లు పడుతున్నాయి.

సాయంత్రం నేను పెద్దవాడు బస్సెక్కేదాకా కథ చెప్పాక అది అంది. “బస్సు వోయినంక దుమ్ము లేస్తది జూడు…”

“ఊఁ, చెప్పు.”

“దుమ్ము దిగినంక అవుతల ఒకామె నిల్చుంటది. రెండు డబ్బలు వట్టుకొని.”

“ఎవరామె?”

“ఏమో. పెద్దోని పెండ్లామేమో. బస్సు దిక్కు జూస్తది. ఇగ రాడని తెలుస్తది గద. ఆడ్నే ఒక రాయి మీద గూసొని ఒక డబ్బ ఇప్పుకొని తింటది. తనది తను తింటది, గంతే. ఇంకోటి ఇప్పదు.”

నేను ఫోన్ చెవికి దూరంగా పట్టుకొని ఏడ్చాను. సంతోషంగా కూడా అనిపించింది. ఇంత మంచి షాట్‌ను దాని కళ్లు పట్టుకున్నాయి, నా కళ్లు పట్టుకోలేదు. ఆ రోజు డైరీలో నా షాట్ రాయలేదు, దానిదే రాశాను.

కానీ ఆమెను చూడకుండా ఉండలేకపోయాను. మా థియేటర్లో గురువారం దాకే సినిమా ఉంటుంది, శుక్రవారం కొత్తది పడుతుంది. గురువారం బడి నుంచి రాగానే అమ్మను వెంటబెట్టుకొని ఫస్ట్ షోకు పోయాను.

“చూసిన సినిమనే మల్ల జూస్తరా ఎవరన్న? అన్నం వండినంక మల్ల వండినట్టు,” అని అమ్మ దారంతా సణిగింది.

చివరి భాగం రాగానే సీటు అంచుకు జరిగి కూర్చున్నాను. బస్సు కదిలింది. దుమ్ము లేచింది. దుమ్ము దిగింది. రోడ్డుకు అవతల మూసి ఉన్న ఒక కిరాణా కొట్టు, దాని ముందు ఖాళీ బెంచీ. పేర్లు పడ్డాయి.

ఆమె లేదు. రాయి కూడా లేదు.

అందరూ లేచి పోతుంటే నేను అలాగే కూర్చున్నాను. అమ్మ చెయ్యి పట్టి లేపింది. గేటు దగ్గర టికెట్లు చింపే అతనితో, నా జన్మలో మొదటిసారి, నేనే ముందుగా మాట్లాడాను.

“అన్నా, సినిమ చివర్ల ఏమన్న కోసిన్రా?”

“కోసుడేందమ్మా?”

“ఒక సీను… బస్సు వోయినంక ఒకామె ఉంటది గదా.”

అతను నవ్వాడు. “కోయనీకి ఇప్పుడు రీలేడున్నదమ్మా? అంతా మిషిన్లకే వస్తది, ఎట్లొస్తే గట్ల ఏస్తం. మా చేతుల ఉన్నది గీ గేటొక్కటే.”

అమ్మ నా మోచెయ్యి గిల్లింది. “ఇంట్ల అడిగితే నోరు తెరువవు. గేటు కాడ మొగోనితోటి ఏం ముచ్చటే?”

తర్వాతి ఆదివారం మరదలితో చెప్పాను. మళ్లీ చూశానని, ఆమె లేదని. అది ఒక్క క్షణం ఆగింది. తర్వాత నవ్వింది.

“మీ గద్వాలోల్లకు తక్వ జేసి పంపినట్టున్నరు వదినె. గీడ ఫుల్లు ఉండె.”

నేను నమ్మాను. ఊరికో రకంగా పంపుతారేమో, పెద్ద ఊళ్లకు ఒకటి, మా ఊరికి ఒకటి అనుకున్నాను. నాగర్‌కర్నూల్ మా ఊరికన్నా పెద్దదేం కాదని తెలుసు. తెలిసి కూడా అనుకున్నాను. ఆ ఒక్కటి నమ్మకపోతే మల్లెపువ్వునూ నమ్మకూడదు. దానికి ముందువీ నమ్మకూడదు. అంత ధైర్యం నాకు లేదు.

కొన్ని వారాల తర్వాత వనపర్తిలో చుట్టాల గృహప్రవేశం వచ్చింది. ఆదివారమే. పొద్దున మరదలు మెసేజ్ పెట్టింది, ఇయ్యాల మ్యాట్నీకి పోతున్న, నువ్వు గూడ పో అని. నేను వనపర్తిలో ఉన్నానని చెప్పలేదు. ఏడాదిగా ఒక్క సినిమా కూడా పక్కపక్కన కూర్చొని చూడలేదు కదా, చెప్పకుండా పోయి పక్క సీట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో అనిపించింది. తొందరగా భోజనం చేసి, అత్తవాళ్లింటికి పోయొస్తానని అమ్మకు చెప్పి నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చొని దారంతా, నన్ను చూసి అది ఏమంటుందో ఊహించుకుంటూనే ఉన్నాను.

థియేటర్ గేటు సగం వేసి ఉంది. ఒకాయన స్టూలు మీద కూర్చొని పల్లికాయలు ఒలుచుకుంటున్నాడు.

“షో లేదమ్మా. పట్టుమని పదిమంది రాలే. వచ్చినోల్లకు టికెట్ పైసలు వాపస్ ఇచ్చి పంపించినం. ఫస్ట్ షో ఉంటదేమో జూడాలె.”

“ఆడవాళ్లు ఎవరైనా వచ్చి పోయిన్రా? పొడుగు జడ ఉంటది, మాటలు జాస్తి మాట్లాడుతది.”

“ఆడోల్లు ఒక్కరు రాలేదమ్మా.”

దానికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. షో లేదని ముందే తెలిసి ఫస్ట్ షోకు వస్తుందేమో అనుకున్నాను. అది లేకుండా అత్త ఇంటికి పోయి కూర్చోవడానికి మొహమాటం. బస్టాండులో కూర్చొని సంచిలోని పుస్తకం తీశాను, ఒక్క పేజీ కూడా ముందుకు పోలేదు. ఆరవుతుండగా మళ్లీ థియేటర్ దగ్గరికి వచ్చాను. గేటు ఈసారి పూర్తిగా మూసి ఉంది. ఎదురుగా మిర్చి బండి అతను అప్పుడే పొయ్యి వెలిగిస్తున్నాడు.

ఫోన్ మోగింది. అదే.

“వదినె, ఇప్పుడే బయటికొచ్చిన. ఏం రష్షనుకున్నవ్! మూలకు దొర్కింది సీటు. మెడలు గుంజుతున్నయి. నువ్వు చెప్పు ముందుగాల.”

“నేను చూడలేదు. గృహప్రవేశం ఉండె.”

“అయ్యో.”

“ఇయ్యాల నువ్వు చెప్పు. కండ్ల ఏం నిల్చింది?”

అది ఆలోచించుకోవడానికి కూడా పెద్దగా సమయం తీసుకోలేదు. “ఒకడు ఇల్లు ఖాళీ జేస్తుంటడు. గోడకున్న ఫోటోలు తీస్తడు. చుట్టు గోడంత మాసి, ఫోటోలున్న కాడ మాత్రం తెల్లగుంటది. వాడు సామాన్లన్ని బయట వెట్టి, మల్ల లోపలికొచ్చి, గా తెల్లగున్న కాడ అరచెయ్యి వెట్టి నిల్చుంటడు. బయట లారోడు హారన్ కొడుతనే ఉంటడు.”

ఫోన్లో దాని వెనక ఒక కండక్టర్ గొంతు వినబడింది. “తెలకపల్లి, తెలకపల్లి, ఎక్కుండ్రి జల్ది.”

“అదేంది?” అన్నాను.

“థియేటర్ ముంగట బస్సాగింది.”

నేను థియేటర్ ముందే నిలబడి ఉన్నాను. బస్సు లేదు. మిర్చి బండి అతను నూనె పోస్తున్నాడు.

“ఎట్లున్నది?” అని అడిగింది.

“బాగుంది,” అన్నాను. నిజంగానే బాగుంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అబద్ధమని తెలిసి వింటున్నా ఆ గోడ నాకు కనబడింది, ఆ అరచెయ్యి కనబడింది.

కాసేపటికి అత్త ఫోన్ వచ్చింది. చేతిలో అది మోగుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఎత్తలేదు. వనపర్తికి తిరిగి వచ్చేశాను. అత్తవాళ్లింటికి పోలేదా అని అమ్మ అడిగితే పోబుద్ధి కాలేదన్నాను.

తర్వాతి ఆదివారం నేను సినిమాకు పోలేదు. ఆరింటికి అది ఫోన్ చేస్తే, చూడలేదని చెప్పాను.

“మల్ల చూడలేదా? అయ్యో… మరి మా అమ్మ అడిగితే ఏం జెప్తవ్?”

ఆ మాట దాని నోటి నుంచి జారింది. అప్పుడు తెలిసింది నేనెందుకున్నానో. అవ్వ మాట దానికి గుర్తుండటం నిజమే. అయితే అది గుర్తుంచుకున్నది నాకోసం కాదు.

తలనొప్పిగా ఉందని పెట్టేశాను. నిజంగానే ఉంది.

ఇంకో నెలలోపే అది తెలకపల్లి అబ్బాయిని పెళ్లి చేసుకొని వెళ్లిపోయింది. అబ్బాయి మంచివాడేనట. ఆదివారాలన్నీ ఇద్దరూ కల్వకుర్తి దాకా పోయి తిరిగి వచ్చేవాళ్లట. ఇవన్నీ నాకు అత్త చెప్పింది. చెప్పింది అనడం కన్నా అరిచింది అనాలి. మామను తీసుకొని గద్వాల దాకా వచ్చి, చెప్పులు కూడా విడవకుండా మా వాకిట్లో నిలబడింది.

“ఐతారమైతారం ఫోన్ జేసి అడుగుతి గదనే. బాగుందత్తా, బాగుందత్తా అంటివి. ఏం బాగుండెనే? ఇద్దరు గల్సి నన్ను ఎర్రిదాన్ని జేసిన్రు. గింత మెత్తగుంటదని నమ్మితి నిన్ను.”

నేను చూసిన సినిమా బాగుందనే చెప్పాను అత్తా. నాకూ తెలియదు అత్తా. ఈ రెండు మాటలు గొంతు దాకా వచ్చాయి. బయటికి రాలేదు. నేను మాట్లాడకపోవడం చూసి అందరూ అవునన్నట్టే అనుకున్నారు. అమ్మ కూడా. వాళ్లు పోయాక అమ్మ నా వైపు చూడకుండా అంది, “ఇగ సినిమలు చాలు.”

ఆ తర్వాత కొన్నాళ్లు ఒక పిచ్చి పని చేశాను. ఆటో సినిమా ఫోన్లో దొరికితే పెట్టుకొని చూశాను. అమ్మాయి దిగిపోతుంది. సీటు కనబడుతుంది, ఖాళీ రెగ్జీను సీటు. పువ్వు లేదు. అంటే నా కళ్లకు ఏ లోపమూ లేదు. సంతోషించాల్సింది పోయి ఫోన్ పక్కన పెట్టి గోడకు తిరిగి పడుకున్నాను. మిగతావి వెతకలేదు. కొన్ని షాట్లు ఇప్పటికీ గుర్తొస్తాయి, అవి నేను తెర మీద చూశానో, మేడ మీద నిలబడి దాని గొంతులో విన్నానో చెప్పలేను. తడి చేత్తో గోడ మీద బొమ్మ గీసి, అది ఆరిపోయేదాకా చూస్తూ కూర్చునే ముసలాయన ఉన్నాడు. ఆయన ఎవరివాడో నాకు తెలియదు. ఆ ఏడాది నేను ఒకరితో కలిసి చూశాననుకున్నాను. ఒక్కదాన్నే చూశాను. అంతేకాదు, నేను చూడనివి కూడా చూశాననుకొని దాచుకున్నాను.

ఎండాకాలం వచ్చేసరికి మామ అల్లుడితో మాట్లాడటం మొదలుపెట్టాడు. కూతురు ఇంటికి వచ్చి పోతోందట. అత్త చీర కూడా పెట్టిందట. నాతో మాత్రం అత్త ఇప్పటికీ మాట్లాడదు. మొన్నామధ్య వనపర్తిలో ఒక పెళ్లిలో ఎదురుపడితే, నన్ను దాటి నా వెనకున్నవాళ్లను పలకరించింది.

ఆ పెళ్లైన మర్నాడు మరదలు ఫోన్ చేసింది. అన్నాళ్లలో మొదటిసారి. గొంతు హుషారుగా ఉంది.

“ఏం వదినె, నన్ను మర్శినవా? నిన్న పెండ్లిల మా అమ్మ నీతోని మాట్లాడలేదంట గద. ఆమె సంగతి నీకు ఎర్కనే గద. జర రోజులైతే అంతా సల్లబడతది.”

నేను అది అడగలేదు. వేరేది అడిగాను. “బస్సు పోయినంక కనబడే ఆమెను నువ్వు ఏడ జూసినవ్?”

“ఏ బస్సు?”

“దుమ్ము దిగినంక ఉంటది గదా. రెండు డబ్బాలు పట్టుకొని. ఒకటే తింటది.”

“నేను జెప్పిన్నా?” అని నవ్వింది. “ఏమోనమ్మా, గుర్తు లేదు. నోటికొచ్చింది చెప్పుంట. నువ్వు జెప్పింది చెప్పొద్దాయె. వారం వారం కొత్తది యాడికెల్లి తేవాలె?”

అవతల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వస్తోంది.

“నాకొక్కదానికి చెప్పకపోతివి,” అన్నాను. “నేనెవరికి చెప్తుంటి?”

క్షమించమంటుందేమో అనుకున్నాను. చిన్నప్పటిలా ఏదైనా నవ్వులాటకు అంటుందేమోనని కూడా అనుకున్నాను. గిన్నెల చప్పుడు ఆగింది. అది గొంతు తగ్గించి, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. ఆ తర్వాత అది ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

“నీకు జెప్తే మా అమ్మ అడిగినప్పుడు నీ గొంతుల్నే దొర్కిపోతుంటిమి వదినె. నీకు అబద్ధమాడ రాదు. గందుకే నిన్ను వట్టుకున్న.”